గుండ్రంగా కనబడని వలయాలు

ఇందుమతి చదువులో చురుకైనదే గానీ, ఎవరు ఏమడిగినా "బాగానే ఉంది" అనే అలవాటుతోనే విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చదవడానికి వచ్చింది.

ఆ అలవాటు తల్లి నేర్పిందే. ఇందుమతి ఏడో తరగతిలో ఉండగా తండ్రి పోయాడు. చూడవచ్చిన ప్రతివాళ్లూ జాలిపడి, వెనక్కి తిరిగి నాలుగు మాటలు అనుకునేవారు. తల్లి కనకరత్నం మిషను మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడిపేది. "మన సంగతి ఊరందరికీ ఎందుకే? ఎవరడిగినా బాగానే ఉన్నామను" అని కూతురికి చెప్పింది. ఇందుమతి అలాగే చెప్పింది. కాలు బెణికినా, హాస్టల్లో అన్నం సయించకపోయినా అదే మాట.

ఆమెకు చిన్నప్పటినుంచీ దళసరి కళ్లద్దాలు, పవరు మైనస్ తొమ్మిది. బళ్లో పిల్లలు సోడాబుడ్డి అనేవారు. అయినా ఆమెకు వెలుతురు గురించిన చదువంటేనే ఇష్టం. వెలుతురు కూడా విద్యుదయస్కాంత తరంగమేనని పరాంకుశం మాస్టారు బోర్డు మీద నాలుగు సమీకరణాలతో తేల్చిన రోజున, ఆమె సంతోషం పట్టలేక హాస్టలు దాకా గబగబా నడిచింది. ఎప్పటికైనా తానూ అలా పాఠం చెప్పాలనుకుంది.

ఆగస్టులో ప్రయోగాలు మొదలయ్యాయి. మొదటిది న్యూటన్ వలయాలు. చీకటి గదిలో సోడియం దీపం పసుపుపచ్చగా వెలుగుతుంటుంది. గాజు పలక మీద కటకం పెట్టి, మైక్రోస్కోపులో ఒంటికంటితో చూస్తే, నలుపూ పసుపూ వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి కనబడతాయి. వాటి వ్యాసాలు కొలిచి, ఆ దీపకాంతి తరంగదైర్ఘ్యం లెక్కకట్టాలి. జవాబు ఐదువేల ఎనిమిదివందల తొంభై మూడు ఆంగ్‌స్ట్రాములకు దగ్గరగా రావాలని కొలవకముందే అందరికీ తెలుసు.

ఇందుమతి కుడికన్ను ఆనించి చూసింది. వలయాలు గుండ్రంగా లేవు. ఎవరో వేలితో ఒకపక్కకి లాగినట్టు సాగి ఉన్నాయి.

"రుక్సానా, ఒకసారి చూడవే" అంది.

రుక్సానా ప్రయోగాల్లో ఆమె జతగత్తె. వంగి చూసింది. "అబ్బ, ఎంత బాగున్నాయే! బండి మీద గాజులు పేర్చినట్టున్నాయి."

"గుండ్రంగానే ఉన్నాయా?"

"గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటాయా? ఏం, నీకు కనబడటం లేదా?"

ఇందుమతి మళ్లీ చూసింది. అవి వంకరగానే ఉన్నాయి. అందరికీ కనబడేది తనకు కనబడలేదంటే, ఈ పిల్లకి చూడటమే చేతకాదంటారని భయపడింది.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గానే కనబడుతున్నాయిలే" అంది.

అంతలో పరాంకుశం మాస్టారు వచ్చారు. "వలయాలు ఎలా ఉన్నాయమ్మా?"

"బాగానే ఉన్నాయి సార్."

"వంకరగా ఉంటే చెప్పండి. దుమ్ముందో, ఇంకేముందో చూద్దాం. మొహమాటపడొద్దు."

అడిగి మరీ చెప్పమన్నారు. ఆమె నోరు తెరిచింది కూడా. కానీ వచ్చిన మాట, "లేదు సార్, గుండ్రంగానే ఉన్నాయి."

రీడింగులు లేకుండా రికార్డు రాయడం కుదరదు. ఇందుమతి రుక్సానా అంకెలు తీసుకుని, చివరి అంకెను అక్కడక్కడా మార్చి తనవిగా రాసుకుంది. హాస్టల్లో ఆ పనిని వంట అనేవారు. "ఈపూట వంట నీదేనా?" అని రుక్సానా నవ్వేది. ఆమెకు అది తమాషా. స్నేహితురాలికి బద్ధకం అనుకుంది, అంతే.

జవాబు ఐదువేల ఎనిమిదివందల తొంభై వచ్చింది. మాస్టారు రికార్డు తిప్పి చూసి, ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని రాశారు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లింది. కనకరత్నం సూది చేతికిచ్చి, "దారం ఎక్కించవే, నాకు ఆనడం లేదు" అంది. ఇందుమతి ఎడమకన్ను మూసి, సూదిని కుడికంటి దగ్గర పెట్టుకుంది. దారం రెండుసార్లు పక్కకి పోయింది. మూడోసారి రెండు కళ్లూ తెరిచి ఎక్కించింది.

"ఏమే, చూపు తగ్గిందా? అద్దాలు మార్పించాలా?"

"అబ్బే, బాగానే ఉందమ్మా."

కనకరత్నం మిషను తొక్కుతూ ఉండిపోయింది. పనులు చాలా ఉన్నాయి, పండగ కుట్లు.

సెలవులు అయ్యాక స్పెక్ట్రోమీటరు ప్రయోగం వచ్చింది. అందులోని నిలువు వెలుగుగీత కుడికంటికి నడుమ వంగి కనబడింది. తరవాత కొన్ని వారాలకు ఆ వంపు దగ్గర బూడిదరంగు మచ్చ తేలింది. రెండు కళ్లతో పుస్తకం చదివేటప్పుడు మాత్రం తేడా తెలిసేది కాదు. ఒక కంటి లోటును రెండోది పూడ్చేసేది. అందుకని ఆమె ఆ మచ్చను చీకటి గదిలోనే వదిలేసి వచ్చేది. రికార్డు నిండా ఎర్ర సిరా మెచ్చుకోళ్లే.

జనవరిలో ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. చీటీ తీస్తే న్యూటన్ వలయాలే వచ్చాయి. ఈసారి పక్కన రుక్సానా లేదు.

ఇందుమతి కుడికన్ను ఆనించింది. వలయాలే లేవు. నడుమ బూడిద మచ్చ, దాని చుట్టూ మసక పసుపు. స్క్రూ తిప్పింది. కటకం తుడిచింది. దీపం జరిపింది. అరగంట గడిచింది. కంట నీళ్లు కారుతుంటే ఆగలేక, మొదటిసారిగా ఎడమకన్ను పెట్టింది.

వలయాలు కనబడ్డాయి. నలుపూ పసుపూ, సన్నగా, చక్కగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి.

కుడికన్ను పెట్టింది. మచ్చ. ఎడమకన్ను పెట్టింది. వలయాలు.

పరాంకుశం మాస్టారు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, రావడం లేదా?" అన్నారు.

"వస్తున్నాయి సార్. అవి ఎప్పుడూ బాగానే ఉన్నాయి. నా కన్నే బాగాలేదు."

"ఎప్పటినుంచి?"

"మీరు ఆగస్టులో అడిగారు కదా సార్. అప్పటినుంచి."

ఆయన ఆమె రికార్డు తెరిచారు. "మరి ఇవన్నీ?"

"నావి కావు సార్."

ఆయన కోప్పడలేదు. తన ఎర్ర సిరా రాతలు చూసి, రికార్డు మూశారు. తరవాత ఆటో పిలిపించి, రుక్సానాను తోడిచ్చి కంటి ఆసుపత్రికి పంపారు. కనకరత్నానికి ఆయనే ఫోను చేశారు.

సాయంత్రానికి కనకరత్నం బస్సు దిగి వచ్చింది. చీర కొంగుకు ఇంకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

డాక్టరు స్కాను కాగితం చూపించాడు. "ఇంత పవరున్న కళ్లలో ఒక్కోసారి ఇలా అవుతుందమ్మా. కంటి వెనకపొర కింద కొత్త రక్తనాళం పుట్టి, నెత్తురు కారింది. గీతలు వంకరగా కనబడటమే దానికి మొదటి గుర్తు. నీకలా ఏమీ కనబడలేదా?"

"కనబడ్డాయి" అంది ఇందుమతి.

"అప్పుడే వచ్చి ఉంటే ఇంజెక్షన్లతో చాలావరకు ఆపేవాళ్లం. ఇప్పుడు మచ్చ కట్టేసింది. అంచుల్లో చూపు ఉంటుంది. నడిమి చూపు ఇక రాదు."

బయట బల్ల మీద తల్లీకూతుళ్లు కూర్చున్నారు.

"సూదిలో దారం పట్టనప్పుడు అడిగాను కదే" అంది కనకరత్నం.

"ఎవరడిగినా బాగానే ఉందనమన్నావు కదమ్మా."

"ఎవరడిగినా అన్నాను గానీ తల్లీ, నేనడిగినా అదేనా?"

ఇందుమతి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. కనకరత్నం ఆ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ తుడిచి, చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఎడమకంటికీ అలా జరగవచ్చని డాక్టరు హెచ్చరించాడు. రోజూ పొద్దున్నే గళ్ల కాగితం నడుమ చుక్క పెట్టి, ఆ కంటితో చూడాలన్నాడు. ఒక్క గీత వంగినా ఆ రోజే రావాలన్నాడు. రుక్సానా తన రికార్డులోంచి గ్రాఫు కాగితం చింపి, హాస్టలు గోడకు అంటించింది. అంటిస్తూ ఏడ్చింది. "నేనిచ్చిన అంకెలేగా" అంది.

ఇందుమతి మార్చిలో మళ్లీ పరీక్ష రాసింది. ఎడమకంటితో చూసి, తన వలయాలు తానే కొలిచింది. జవాబు ఆరువేల నలభై వచ్చింది. తప్పే. దాన్ని అలాగే రాసి ఇచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆరింటికి కనకరత్నం ఫోను చేస్తుంది.

"గీతలు ఎలా ఉన్నాయే?"

ఇందుమతి కుడికన్ను అరచేత్తో మూసుకుని, నిదానంగా చూసి చెబుతుంది. "తిన్నగా ఉన్నాయమ్మా."

"నిజంగానా?"

"నిజంగానే అమ్మా."

"ఇంకొక్కసారి చూడు."

ఆమె ఇంకోసారి చూస్తుంది. మళ్లీ అదే చెబుతుంది. అయినా ఆ తల్లి ఫోను వెంటనే పెట్టెయ్యదు. కూతురు బాగానే ఉందంటే నమ్మి ఊరుకోవడం ఆమెకు ఇక చేతకాదు.

నీతి: లోటును దాచి బాగానే ఉందని చెబితే, సాయం చేసేవాళ్లు పక్కనే ఉన్నా చేయలేరు, అందుకే కనబడింది కనబడినట్టు వేళకు చెప్పాలి, అలా చెప్పడం పిల్లలకు ముందు మనమే నేర్పాలి.