ఎదురుకొమ్మ మీద చిట్టెన్న

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల బడి ఉండేది. పక్షులకి బడేమిటని నవ్వకండి. పలకలూ బెత్తాలూ లేవు గానీ, అల్లరిలో మీ బడికి ఏమాత్రం తీసిపోదు.

అక్కడ మూడే తరగతులు. ఒకటిలో పచ్చిగడ్డిని సన్నగా చీల్చడం నేర్పుతారు. రెండులో ఆ పోచతో కొమ్మకి ముడి వేయడం. మూడులో గూడు అల్లడం. మూడూ చదివాక వచ్చే తొలకరికి గూడు కట్టుకోలేకపోతే ఆ చెట్టు మీద చోటు లేదు. అమ్మని వదిలి ఎక్కడికో ఎగిరిపోవాల్సిందే.

చిట్టెన్న అనే పిల్ల గిజిగాడు ఒకటో తరగతి ఇట్టే దాటేశాడు. రెండులో చిక్కుకుపోయాడు. ముడి వేసేవాడు, ఊడిపోయేది. మళ్లీ వేసేవాడు, మళ్లీ ఊడిపోయేది.

ముడుల మాస్టారు ముసలి గిజిగాడు. మంచివాడే. పిల్లలందరినీ తన కొమ్మ మీదే వరసగా కూర్చోబెట్టుకునేవాడు. చిట్టెన్నకి కబుర్లెక్కువ. అందుకని వాణ్ణి ఒక్కణ్ణీ ఎదురుకొమ్మ మీద, సరిగ్గా తన ముక్కుకి ఎదురుగా కూర్చోమన్నాడు.

పరీక్ష రోజున హెడ్మాస్టరు కొంగగారు ఒంటికాలి మీద నిలబడి చిట్టెన్న ముడిని లాగారు. అది చేతికి, అదే, ముక్కుకి ఊడి వచ్చింది.

"ముడి రానివాడు మూడులోకి ఎలా వెళ్తాడు? మళ్లీ రెండే!" అన్నారు కొంగగారు.

చిట్టెన్న మళ్లీ రెండులో కూర్చున్నాడు. అదే పాఠం, అదే ఎదురుకొమ్మ, అదే ముడి. మారినదల్లా పక్కవాళ్లే. నిన్నగాక మొన్న రెక్కలొచ్చిన పిల్లలు వాణ్ణి "తాతయ్యా" అని పిలిచేవాళ్లు. చిట్టెన్నకి రోజూ బడి వేళకే కడుపునొప్పి వచ్చేది. ఆ నొప్పి ఎలాంటిదో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

ఆ ఏడాదీ ముడి ఊడిపోయింది. వాళ్లమ్మ వెళ్లి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు చిలుకగారి ముందు కన్నీళ్లు పెట్టుకుంది.

"అయ్యా, మావాడు తిండి మానేశాడండీ. తోటివాళ్లంతా గూళ్లు అల్లుతున్నారు."

"అయ్యయ్యో, చిన్న మనసు నొచ్చుకోదూ! పంపించేయండి, పంపించేయండి!" అన్నారు చిలుకగారు. ఏదైనా రెండుసార్లు చెప్పడం ఆయనకి అలవాటు.

మూడో తరగతిలో చిట్టెన్న అల్లిక చూసి అందరూ ముచ్చటపడ్డారు. ముడి వేయాల్సిన చోట వాడు పోచ కొసని లోపలికి దోపేసేవాడు. పైకి ఏమీ తెలిసేది కాదు. ఎవరూ లాగి చూడలేదు. ఇక నా బిడ్డకి భయం లేదనుకుంది వాళ్లమ్మ.

తొలకరి ఇంకా ఐదు రోజులుందనగా ఈదురుగాలి వీచింది. మొదటి విసురుకి చిట్టెన్న గూడు ఊగింది. రెండో విసురుకి జారింది. మూడో విసురుకి, లోపలున్న చిట్టెన్నతో సహా, దబ్బున వాగులో పడింది.

వాడు తడిసిన రెక్కలు కొట్టుకుంటూ ఎలాగో ఒడ్డు దగ్గర నీళ్లలో ఉన్న ఒక రాయి ఎక్కాడు. చెట్టు మీద అప్పటికే గొడవ మొదలైంది.

"ఇంకో ఏడాది ఉంచాల్సింది! నేను చెప్పలేదా?" అన్నారు కొంగగారు.

"మీరు ఉంచబట్టే వాడు బెదిరిపోయాడు! బెదిరిపోయాడు!" అన్నారు చిలుకగారు.

కింద వాడు వణుకుతున్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. ముడుల మాస్టారు ఒక్కడే దిగి వచ్చాడు.

"మాస్టారూ, నాకు అసలు ముడే రాదండీ. అమ్మని వదిలి వెళ్లిపోవాలా?" అని చిట్టెన్న వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏదీ, ఒకసారి వేసి చూపించు" అన్నాడు మాస్టారు.

అక్కడున్నది ఒక్కటే రాయి. ఎదురుగా నిలబడదామంటే నీళ్లు. చేసేదిలేక మాస్టారు వాడి పక్కనే ఒదిగి కూర్చున్నాడు. చిట్టెన్న రాతికి చిక్కుకున్న ఎండుకొమ్మ మీద గూటి పోచ ఒకటి పెట్టి, పాఠంలో చెప్పినట్టే ఎడమకాలితో తొక్కిపెట్టాడు. కొసని ముక్కుతో పట్టి ఎడమవైపు నుంచే తిప్పాడు.

"ఆగరా! ఎడమకాలితో తొక్కితే కుడివైపు నుంచి కదా తిప్పాలి?"

"మీరు ఇటువైపు నుంచే తిప్పేవారు కదండీ. రోజూ చూశాను."

మాస్టారు తలెత్తి పైనున్న ఎదురుకొమ్మ వైపు చూశాడు. తన కుడి, ఎదుట కూర్చున్నవాడికి ఎడమ. రెండేళ్ల పాటు వాడు చూసినదాన్ని చూసినట్టే చేశాడు.

"తప్పు నీది కాదురా నాయనా" అన్నాడు మాస్టారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "నిన్ను కూర్చోబెట్టిన చోటుది. అంటే నాది."

చిట్టెన్న కుడివైపు నుంచి తిప్పి లాగాడు. ముడి బిగిసింది. మాస్టారు లాగాడు, ఊడలేదు. ఇద్దరూ కలిసి లాగారు, పోచ తెగింది గానీ ముడి మాత్రం ఊడలేదు!

నాలుగు రోజుల్లో చిట్టెన్న కొత్త గూడు అల్లాడు. ఐదో రోజు తొలకరి కురిసింది. గూడు ఊగింది, కానీ జారలేదు. "రెండేళ్లు ఉంచాను కాబట్టే" అని కొంగగారు, "పంపించాను కాబట్టే, పంపించాను కాబట్టే" అని చిలుకగారు వానలో తడుస్తూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

కొన్నేళ్లకి చిట్టెన్నే ముడుల మాస్టారయ్యాడు. ఒకరోజు కొంగగారు తనిఖీకి వచ్చి, తరగతి అంతా కలియజూసి, "ఇక్కడ మాస్టారేడీ?" అని కేకలేశారు.

పిల్లల వరసలో, ముడి రాని ఒక బుజ్జి గిజిగాడి పక్కన కూర్చున్న చిట్టెన్న రెక్క ఎత్తాడు. "ఇక్కడున్నానండీ!"

నీతి: వెనకబడిన పిల్లల్ని అదే తరగతిలో ఉంచినా, పై తరగతికి నెట్టినా చదువు రాదు, పక్కన కూర్చుని, ఎక్కడ తడబడుతున్నారో చూసి నేర్పితేనే వస్తుంది.