‘సెలా’కు పల్లకిలో దొరికిన అర్థం

గంధవరం రాజు తిమ్మభూపతికి ఒక జబ్బుంది. తనకు అర్థం కాని మాట తన రాజ్యంలో ఉండటానికి వీల్లేదు.

ఒకనాడు కొచ్చి నుంచి ఏలియా అనే మిరియాల వర్తకుడు సభకు వచ్చాడు. యూదుడు. తన పూర్వీకులు హీబ్రూలో పాడుకున్న కీర్తన ఒకటి చదువుతూ, పాదానికొకసారి తెలుగులో అర్థం చెబుతున్నాడు. రాజు తల ఊపుతున్నాడు.

“సెలా,” అని చదివి, ఏలియా తరవాతి పాదంలోకి వెళ్లిపోయాడు.

“ఏమయ్యా, దాన్ని దాటేశావేం?” అన్నాడు రాజు.

“దాని అర్థం తెలియదు ప్రభూ. పైకెత్తమని కొందరంటారు, ఆగమని కొందరు, ఎప్పటికీ అని ఇంకొందరు. మా పెద్దలు తరతరాలుగా కొట్టుకుంటూనే ఉన్నారు.”

“అర్థం తెలియని మాట దేవుడి పాటలో ఎందుకు?”

“తీసేసే ధైర్యం ఎవరికీ లేక ప్రభూ.”

పేరిభట్టు లేచాడు. ఆస్థాన పండితుడు. బిరుదు ‘అష్టభాషా భయంకర’. ఆ ఎనిమిది భాషల్లో ఏడింటిని ఆయన నోట విన్నవాళ్లు లేరు.

“నాకు తెలుసు ప్రభూ! ‘సె’ అంటే ఎత్తుట. ‘లా’ అంటే ఎప్పటికీ. కలిపితే, ఎత్తినదాన్ని ఎన్నటికీ దించరాదు! ఈ భూమ్మీద ఎత్తదగినది ఒక్కటే ఉంది. తమరి పల్లకి!”

పొగడాలనుకుంటే ఏ భాషలోంచైనా అర్థం పిండొచ్చు. రాజు కరిగిపోయాడు. అప్పటికప్పుడు సభలోకే పల్లకి తెప్పించుకుని ఎక్కేశాడు. దండోరా వేయించాడు. ఇకమీదట రాజుగారి పల్లకి నేల తాకకూడదు. దించినవాడికి వంద కొరడా దెబ్బలు.

ఎనిమిది మంది బోయీలు సభ మధ్యలో పల్లకి మోస్తూ నిలబడ్డారు. మధ్యాహ్నమైంది. రాజు పల్లకిలోనే భోంచేశాడు. చిన్న కునుకు తీసి, అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. దొర్లినప్పుడల్లా కింద ఎనిమిది జతల మోకాళ్లు వంగాయి. సభలో ఎవరూ చూడలేదు. మోకాళ్లు చూడటం చదువుకింద లెక్క కాదు మరి. అందరూ పేరిభట్టు చెప్పిన అర్థాన్ని వల్లె వేస్తున్నారు.

చూసింది ఒక్క కదిరమ్మే. రాజుకు వింజామర వీచే మనిషి. పల్లకి ముందు కొమ్ము మోస్తున్న గురప్ప ఆమె మొగుడు.

“పడితే కొరడా, పడకపోతే చావు. ఇక నా వల్ల కాదే,” అని గొణిగాడు గురప్ప.

“ఇంకో మూడు మాట్లు పైకి ఎత్తగలవా మావా?”

“ఇంకా ఎత్తాలా? నీకేమన్నా పిచ్చా?”

“మూడే మూడు. తరవాత నా పూచీ. మిగతావాళ్ల చెవిన కూడా వెయ్యి.”

వింజామర చంకన పెట్టుకుని ఆమె రాజు ముందుకొచ్చింది.

“ప్రభూ, పండితులవారు చెప్పిన అర్థం ఇంకా పూర్తిగా అమలు కాలేదు. ఏలియాగారినడిగాను, పాటలో ఆ మాట మూడుసార్లుంది. వచ్చినప్పుడల్లా ఎత్తాలి, ఎత్తింది దించకూడదు. మూడోసారికి తమరు ఎక్కడుండాలి?”

“ఆకాశంలో!” అని పేరిభట్టు ఉబ్బిపోయాడు. “చూశారా ప్రభూ, విసనకర్ర పట్టేదానికి కూడా నా వ్యాఖ్యానం ఎక్కింది!”

“తప్పని తేలితే?” అంది కదిరమ్మ.

రాజు నవ్వాడు. “నువ్వడిగింది ఇస్తాను. ఒప్పని తేలితే మాత్రం నీ మొగుడు ఈ పల్లకి కిందే ముసలాడైపోతాడు.”

పేరిభట్టే కళ్లు మూసుకుని పాట అందుకున్నాడు.

“సెలా!”

పల్లకి భుజాల మీంచి తలల మీదికి లేచింది. “భళా!” అన్నాడు రాజు.

“సెలా!”

బోయీలు చేతులు చాచి ఎత్తారు. సభ చప్పట్లు కొట్టింది. రాజు మీసాలకు పైకప్పు బూజు అంటుకుంది.

“సెలా!”

ఎనిమిది మందీ మునివేళ్ల మీద లేచారు. ఠంగుమని కిరీటం దూలానికి కొట్టుకుని, రాజు ముక్కు దాకా దిగిపోయింది. దూలం మీది పావురాల గూడు ఒళ్లో పడింది. పావురాలు రెక్కలు టపటపలాడించాయి. అవి తనకు కొడుతున్న చప్పట్లనుకుని పేరిభట్టు ఇంకా గొంతు పెంచాడు. “సెలా! సెలా!”

“ఆగండ్రా!” అని కిరీటంలోంచి రాజు అరిచాడు. “పేరిభట్టూ, నోర్ముయ్! ఆగు!”

అందరూ ఆగారు. పేరిభట్టు నోరు మూతపడింది. సభంతా నిశ్శబ్దం. అప్పుడొక చప్పుడు వినబడింది.

రాజు కిరీటం పైకి తోసుకుని, ఆ రోజుకు మొదటిసారి కిందికి చూశాడు. “ఏమిటది?”

“ఊపిరి ప్రభూ. ఎనిమిది మందిది. పొద్దుట్నుంచీ ఉంది, పాట వల్ల వినబడలేదు,” అంది కదిరమ్మ. “ఇంతకీ ‘సెలా’ అనగానే తమరేమన్నారు?”

“ఆగమన్నాను.”

“అర్థం తమరి నోటితోనే చెప్పారు ప్రభూ!”

పేరిభట్టు ఏదో అనబోయాడు. రాజు వేలు చూపించి ఆపేశాడు.

“మనిషి ఎంతసేపూ పాడుతూనే ఉంటే దేవుడు ఎప్పుడు మాట్లాడాలి? ఆయన కోసం ఆ మాట దగ్గర కాస్త చోటు వదిలారేమో,” అంది కదిరమ్మ.

“మా పెద్దల్లో ఎవరూ ఇంత గట్టి సాక్ష్యం తేలేదమ్మా,” అన్నాడు ఏలియా. “లోకాన్ని చేసిన దేవుడే ఏడో రోజు ఆగాడంటాం మేము.”

“ముందు నన్ను దించండి!” అన్నాడు రాజు. పల్లకి నేల తాకింది. బోయీలు పక్కనే కూలబడ్డారు. “కోరుకో. మాన్యమా? బంగారమా?”

“అవేవీ వద్దు. ఆ మాట తెలుగులో రాయించేటప్పుడు ఒక దీర్ఘం తీసేసి, చివర ఒక ‘వు’ చేర్పించండి. ఏలియాగారి దేవుడు ఆగిన ఏడో రోజుకు, బోయీలందరి పేరా, ప్రతి వారం అలా రాసివ్వండి.”

“ఒక్క అక్షరమా? పిచ్చిదానా, ఇచ్చాను!” రాయసగాడు రాశాడు. రాజు ముద్ర వేసి, ఆ తరవాత చదివాడు.

“సె... ల... వు?”



“మరి ఆ రోజు నన్నెవరు మోస్తారే?”

“తమకూ రెండు కాళ్లున్నాయి కదా ప్రభూ!”

రాజు తన కాళ్లకేసి చూసుకున్నాడు. వేళ్లు కదిపి చూశాడు. పగలబడి నవ్వి, మెళ్లో ముత్యాల హారం తీసి కదిరమ్మ చేతిలో పెట్టాడు. సభంతా నవ్వింది. అందరికంటే పెద్ద నవ్వు నేల మీద కూర్చున్న ఎనిమిది మందిది.