చెవిపేరు చెప్పని రాకుమారుడు

పిల్లలూ, నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. చెప్పేది ఒక్కసారే చెబుతాను.

వెనకటికి మణిరేవు రాజ్యాన్ని ధీరకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు అగ్నిసేనుడు, రత్నాంగదుడు, పవనుడు అని ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో తల్లి బిడ్డకు మాటలు రాగానే చెవిలో ఒక పేరు చెప్పేది. అది చెవిపేరు. మూడో మనిషికి తెలియకూడదు. కోట గుమ్మంలోని రాతిసింహం, చెవిపేరు చెప్పిన రాకుమారుడికే తలవంచి దారి ఇచ్చేది.

కరాళుడనే మాంత్రికుడికి ఆ రాజ్యం మీద కన్నుపడింది. ఎవరి చెవిపేరు వింటే వాళ్ల ముఖం లాక్కునే విద్య వాడిది. ముగ్గురు రాకుమారుల ముఖాలూ లాక్కుంటే రాజ్యం తనదేననుకున్నాడు.

మొదట జ్యోతిష్కుడిలా వచ్చి పెద్దవాడి చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఇది చక్రవర్తి రేఖ! చెవిపేరు కూడా చెబితే పట్టాభిషేకం ఎప్పుడో చెబుతాను" అన్నాడు. పెద్దవాడు పొగడ్తకు పొంగిపోయి చెప్పేశాడు.

తరవాత భటుడిలా రొప్పుతూ రెండోవాడి దగ్గరికి వచ్చాడు. "ప్రభూ, మీ చెవిపేరు ఎవరో దొంగిలించారు! సింహం మిమ్మల్ని మింగేస్తుందట! త్వరగా నాకు చెప్పండి, మార్పించుకొస్తాను!" అన్నాడు. రెండోవాడు భయపడి చెప్పేశాడు.

చెప్పగానే అన్నదమ్ములిద్దరి ముఖాలూ తుడిచిన పలకల్లా అయిపోయాయి. చెవిపేర్లు మనసులోంచి చెరిగిపోయాయి. పెంచిన కుక్కలే వాళ్లను చూసి మొరిగాయి. తల్లి ముందు నిలబడితే, "ఎవరు బాబూ మీరు?" అంది. ఇద్దరూ గోడు చెప్పుకున్నా ఆమె నమ్మలేదు.

మూడోసారి కరాళుడు రాణి రూపంలో పాయసం గిన్నెతో పవనుడి దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, వయసు మీదపడింది. నీ చెవిపేరు మరిచిపోయాను. ఒక్కసారి చెప్పు."

"మరిచిపోతే పోనీలే అమ్మా."

"కన్నతల్లినే అనుమానిస్తావా?" అని ఏడ్చింది.

పవనుడు లేచి నిలబడ్డాడు. "మా అమ్మయితే, నేను చెప్పబోయినా నా నోరు మూసేది. ఎవడ్రా నువ్వు?"

కరాళుడు గద్దయి కిటికీలోంచి పారిపోయాడు. ఈ మాట విన్న అసలు రాణి తల ఎత్తుకుని, "వీడు నా కొడుకు!" అంది. గుమ్మం దగ్గర ఏడుస్తున్న ఇద్దరూ ఎవరో ఆమెకు అప్పుడే అర్థమైంది. "నాన్నా, మీ అన్నల పేర్లూ ముఖాలూ తీసుకురా" అంది.

గద్ద ఎగిరిన దిక్కునే వెళ్లిన పవనుడు సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. అది అతన్ని వీపుమీద ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించి, కరాళుడి దీవి దగ్గరికి చేర్చింది.

"ఆ దీవిలో ఒకేలాంటి మూడు చిలకలున్నాయి. ఒకదానిలో కరాళుడి ప్రాణం ఉంది. అవి పేరు అడుగుతాయి. చెప్పావో, రాయివవుతావు" అంది తాబేలు.

దీవి నిండా మనుషుల్లాంటి రాళ్లే.

"ఎవరు నువ్వు? ఏ ఊరు? ఎవరి కొడుకువి?" అని మూడు చిలకలూ ఒక్క గొంతుతో అడిగాయి.

"అడిగేవాళ్లు ముందు తమ సంగతి చెప్పాలి. మీలాంటి చిలకలు మా ఊరి జామచెట్టు నిండా ఉన్నాయి" అన్నాడు పవనుడు.

ఒక చిలకకు రోషం వచ్చింది. "జామచెట్టు చిలకనా నేను? కరాళుడి ప్రాణాన్ని!"

పవనుడు దాని మెడ పట్టుకున్నాడు. కరాళుడు గాలిలా వచ్చి కాళ్లమీద పడ్డాడు.

"వదులు బాబూ! ఏమడిగినా ఇస్తాను."

"మా అన్నల పేర్లు, ముఖాలు. ముందు అవి."

వాడు రెండింటినీ వదిలేశాడు. పవనుడు వాడివైపు చూసి, "నిన్ను వదిలితే రేపు ఇంకో ఇంటి గుమ్మం ఎక్కుతావు" అని చిలక మెడ విరిచేశాడు. రాళ్లన్నీ మనుషులయ్యాయి. వాళ్లలో మందారిక అనే రాకుమారి ఒకతె. ఆమె అతని వెంట మణిరేవు వచ్చింది.

పేర్లూ ముఖాలూ తిరిగొచ్చిన అన్నలిద్దరూ తలెత్తుకుని గుమ్మం దాటారు. సింహం ఇద్దరికీ తలవంచింది. "కిరీటానికి తగినవాడు తమ్ముడే" అని పెద్దవాడే తండ్రితో చెప్పాడు.

పెళ్లిపీటల మీద మందారిక దండ ఎత్తి, "నీ చెవిపేరు ఏమిటి?" అంది.

"నీకైనా చెప్పను."

"చెప్పి ఉంటే ఈ దండ సముద్రంలో పారేసేదాన్ని" అని నవ్వి అతని మెడలో వేసింది.

పవనుడు జుట్టు నెరిసేదాకా రాజ్యమేలాడు. అతని చెవిపేరు ఏమిటని నన్నడక్కండి. నాకు తెలియదు. తెలిసినా చెప్పను.