తోక మీద కన్ను

ఇటు తిరుగు అమ్మడూ. ఆ దిండు కింద ఏం దాచావో నాకు తెలుసు. పొద్దున మీ అమ్మతో కలిసి చేసిన కుందేలు బిస్కెట్టే కదా. రెండు చెవులూ సరిగ్గా వచ్చింది అదొక్కటేనని దాచుకున్నావు. ఉండనీలే, చీమలు పట్టాక ఏడుద్దువుగాని. కథ చెప్తాను, విను. ఇది నవ్వుకునే కథ కాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననొద్దు.

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు ఇశ్రాయేలు ధాన్యం మిల్లులో పని చేసేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, పేరు కృప. నీ అంతే ఉంటుంది. నీకంటే కాస్త మాట వింటుంది.

ఆ ఊళ్ళో క్రిస్మసు వస్తోందంటే ఇంటింటా బిస్కెట్లు చేసేవాళ్ళు. ఇప్పట్లా కరెంటు పొయ్యిలు అప్పుడెక్కడివి? పెద్ద సత్తుగిన్నెలో కాలవ ఇసుక పోసి పొయ్యి మీద పెట్టేవాళ్ళు. ఇసుక బాగా కాగాక, బిస్కెట్లు పేర్చిన పళ్ళేన్ని దాని మీద దించేవాళ్ళు. అప్పుడు మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసేవాళ్ళు. కింద వేడి, పైన వేడి. కాసేపటికి వీధంతా కమ్మటి వాసన వచ్చేది.

ఇంటికొక అచ్చు ఉండేది. డబ్బాలకి మాట్లు వేసే సాయిబు పాత నూనెడబ్బా రేకు కత్తిరించి, వంచి చేసిచ్చేవాడు. ఒక ఇంటికి చేసిన బొమ్మ ఇంకో ఇంటికి చేసేవాడు కాదు. పక్కింటి మార్తమ్మది చేప. ఎదురింటి వాళ్ళది గంట. సువార్తమ్మది చిలక. పళ్ళెం మీద గుడ్డ తీస్తే చాలు, అది ఎవరింట్లోంచి వచ్చిందో పిల్లలు కూడా చెప్పేసేవాళ్ళు.

బిస్కెట్లు కాలాక చల్లారనిచ్చి, అప్పుడు పంచదార పొడిలో నిమ్మరసం పిండి చిక్కగా కలిపి పైన పూసేవాళ్ళు. వేడి మీద పూస్తే కరిగి జారిపోతుంది. అందుకని కృప ఒక్కో బిస్కెట్టూ తీసి బుగ్గకి ఆనించుకుని చూసేది. "చల్లారిందమ్మా" అంటేనే సువార్తమ్మ పూత పూసేది. ఆ తర్వాత కన్ను పెట్టే పని కృపది. బీట్‌రూట్ రసం కలిపిన ఎర్రటి పంచదార ముద్దలో బొటనవేలు ముంచి, చిలక మీద అద్దేది.

ఎక్కడ అద్దేదనుకున్నావు? తల మీద కాదు, తోక మీద.

మొదటిసారి చూసి సువార్తమ్మ నవ్వింది. "చిలకకి కన్ను అక్కడుంటుందటే?" అంది.

"అందరూ ముందు తలే కొరుకుతారు కదమ్మా. తల మీద పెడితే దానికింక ఏమీ కనపడదు. తోక మీదుంటే ఆఖరిదాకా చూస్తుంది" అంది కృప.

అంతటితో ఊరుకుందా? వీధిలో పిల్లలందరికీ తినే పద్ధతి కూడా నేర్పింది. ముందు తల తినాలి, తర్వాత రెక్కలు తినాలి, ఆఖరున తోక. తోక నోట్లో వేసుకునే ముందు దాన్ని పైకెత్తి అటూ ఇటూ తిప్పాలి. ఎందుకే అని అడిగితే, "ఒక్కసారి అందరినీ చూసుకోనివ్వండి" అనేది. మార్తమ్మ మనవరాలు రూతు ఒకసారి తిప్పకుండా మింగేసిందని దాంతో కటీఫ్ చెప్పేసింది. అంత పట్టుదల ఆ పిల్లకి.

ఒక ఏడు పండగ ఇంకా కొన్నాళ్ళుందనగా తల్లీకూతుళ్ళు చిలకలు చేసి డబ్బా నింపారు. మర్నాడే కృపకి జ్వరం వచ్చింది.

మొదట ఊళ్ళో మందులాయన బిళ్ళలిచ్చాడు. జ్వరం దిగలేదు. తర్వాత ఇశ్రాయేలు పిల్లని భుజాన వేసుకుని వంతెన అవతల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ వాళ్ళు చెయ్యాల్సిందంతా చేశారు. అయినా దిగలేదు. ఆ తర్వాత ఊరంతా చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. అప్పుడూ దిగలేదు.

ఒక పొద్దున సువార్తమ్మ వంగి పిల్ల బుగ్గకి తన బుగ్గ ఆనించింది. చల్లగా తగిలింది. "జ్వరం దిగిందయ్యా" అని వాకిట్లో ఉన్న మొగుడికి చెప్పింది. పాలు వెచ్చబెట్టడానికి లేచింది కూడా. అది జ్వరం దిగడం కాదమ్మా. కృప కళ్ళు తెరిచే ఉన్నాయి. తల్లి కూర్చున్న వైపే ఉన్నాయి.

ఆపెయ్యమంటావా? ఇక్కడ ఆపితే ఆ తల్లి పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. అంతకంటే చెప్పుకోవడమే మేలు. నా చెయ్యి పట్టుకో.

మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యరు. పొయ్యి మీద మూకుడు పెట్టరు, ఇసుకగిన్నె ముట్టుకోరు. చుట్టుపక్కల వాళ్ళే పళ్ళేలు పంపిస్తారు. వచ్చిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. ఆ క్రిస్మసుకి సువార్తమ్మ ఇంటికి చేపలొచ్చాయి, గంటలొచ్చాయి, నక్షత్రాలొచ్చాయి. ఆవిడ ప్రతి పళ్ళెంలోనూ చిటికెడు పంచదార వేసి పంపింది. చిలకల డబ్బా మాత్రం తెరవలేదు.

ఎందుకు తెరుస్తుంది? ఆ తోకల మీద కృప బొటనవేలి గుంటలున్నాయి. ఇంట్లో గౌన్లున్నాయి, పలకుంది, జడ రిబ్బన్లున్నాయి. కానీ అవన్నీ ఎవరో చేస్తే పిల్ల వాడుకున్నవి. పిల్ల తన చేత్తో చేసినవి ఆ కళ్ళే. వాటిని ఎలాగైనా నిలబెట్టుకోవాలని సువార్తమ్మ పంతం పట్టింది. ఇంక ఆవిడకి వేరే ధ్యాస లేదు.

మొదట చీమలొచ్చాయి. అప్పుడు సువార్తమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, ఇటుక మీద డబ్బా పెట్టింది. పొద్దున లేస్తూనే ముందు ఆ నీళ్ళు చూసేది, ఆ తర్వాతే మొహం కడుక్కునేది. చీమలు ఓడిపోయాయి.

తర్వాత ఇశ్రాయేలు వచ్చాడు. ఒక సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని డబ్బా మూత తీశాడు. తినడానికి కాదు, చూడ్డానికే. ఒక చిలకని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. సువార్తమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి దాన్ని లాక్కుంది.

"ముట్టుకోకు, విరిగిపోతుంది" అంది.

"నాకూ కూతురేగా" అన్నాడు ఇశ్రాయేలు.

ఆవిడ వినిపించుకోలేదు. ఆ తర్వాత ఆయన ఆ మూల వైపు వెళ్ళడమే మానేశాడు. ఈ కథలో నాకు సువార్తమ్మ మీద కోపం వచ్చేది ఇక్కడే. అలాగని ఏమంటాం? ఏమీ అనలేం.

ఆ తర్వాత వానాకాలం వచ్చింది. ముసురు పట్టి వదల్లేదు. గోడలు చెమ్మగిల్లాయి, అగ్గిపుల్లలు వెలగడం మానేశాయి. ఒకరోజు సువార్తమ్మ డబ్బా మూత తీస్తే చిలకలు మెత్తబడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే రెక్క వంగిపోయింది. ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే బూజు పట్టేస్తాయని ఆవిడకి తెలుసు.

బిస్కెట్లు మెత్తబడితే ఆ ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారు? వేడి ఇసుక మీద కాసేపు పెడతారు. మళ్ళీ కరకరలాడతాయి. సువార్తమ్మ చిన్నప్పట్నుంచీ చూసింది అదే, చేసింది అదే. కాకపోతే పూత పూయని వాటినే అలా పెట్టేవాళ్ళు. పూత పూసినవి ఏ ఇంట్లోనూ వానాకాలందాకా మిగిలిందెప్పుడని? పిల్లలు మిగలనిచ్చేవాళ్ళా?

ఏడాది తిరగని ఇంట్లో ఇసుకగిన్నె పొయ్యెక్కకూడదు. అందుకని సువార్తమ్మ తలుపు గడియ వేసుకుంది. పొయ్యి రాజేసింది. ఇసుక కాగాక చిలకల పళ్ళెం దించింది, మూత పెట్టింది, మూత మీద నిప్పులు పోసింది. అప్పుడు పీట వేసుకుని కూర్చుంది. చాలారోజుల తర్వాత ఆవిడ మొహం కాస్త తేటగా ఉంది. బుగ్గకి ఆనించి చూసే పిల్ల పక్కన ఉండుంటే చెప్పేది, వేడి మీద పంచదార నిలవదమ్మా అని. ఆ పిల్లే లేదు కదా.

మొదట తియ్యటి వాసన వచ్చింది. తర్వాత మాడు వాసన వచ్చింది. సువార్తమ్మ మూత లాగేసింది. చిలకల తోకల మీద ఎరుపంతా కరిగి, జారి, నల్లగా అట్టకట్టేసింది. ఏ తోక మీదా వేలి గుంట లేదు. ఒక్క కన్ను కూడా మిగల్లేదు.

ఆవిడ కాలుతున్న పళ్ళేన్ని ఒట్టి చేతులతో తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మాడు వాసనకి పక్కింటి మార్తమ్మ వచ్చి తలుపు బాదింది. ఎంతకీ తియ్యకపోతే గడియ ఊడేలా నెట్టుకుని లోపలికొచ్చింది. మూకుడు పెట్టకూడని ఇంట్లో ఇసుక కాచినందుకు తిట్టడానికే వచ్చింది ఆవిడ. కానీ ఆ పళ్ళెం చూసింది. సువార్తమ్మ చేతులు విడదీసి, బొబ్బలెక్కిన వేళ్ళని నీళ్ళలో పెట్టింది.

"ఎంత పని చేశావే" అంది.

"నిలబెట్టుకుందామనుకున్నాను పిన్నీ. నా చేత్తో నేనే తుడిచేశాను" అంది సువార్తమ్మ.

సాయంత్రం ఇశ్రాయేలు వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. మాడిన చిలకనొకదాన్ని తీసుకుని, గోడ వైపు తిరిగి తిన్నాడు. ఆవిడ వద్దనలేదు. మిగిలినవాటిని ఇద్దరూ తీసుకెళ్ళి కాలవలో వదిలేశారు.

అప్పుడు ఏడాది తిరిగింది. మళ్ళీ క్రిస్మసు వచ్చింది. మార్తమ్మ వచ్చి, "ఇంక ఇసుక పెట్టవే సువార్తా. ఇంటి అచ్చు తుప్పు పట్టకూడదు" అంది. సువార్తమ్మ పెట్టింది. చిలకలు కోసింది, కాల్చింది, బుగ్గకి తనే ఆనించుకుని చూసుకుంది, పూత పూసింది. ఎర్ర ముద్ద కూడా కలిపింది.

ముందు తన బొటనవేలు ముంచి ఒక తోక మీద అద్దింది. ఆవిడ వేలు పెద్దది, తోకంతా ఎరుపైపోయింది. తర్వాత చిటికెనవేలు ముంచి ఇంకో తోక మీద అద్దింది. అది గుండ్రంగా, చక్కగా, నుదుటి బొట్టులా వచ్చింది. కృప పెట్టిన కన్ను అంత చక్కగా ఎప్పుడుంది? ఆఖరికి గోడ మీంచి రూతుని పిలిచింది. కృపదీ ఆ పిల్లదీ ఒకటే ఈడు కదా అని.

రూతు వచ్చి కూర్చుంది. ఎర్ర ముద్దలో బొటనవేలు ముంచింది. తోక దాకా తీసుకొచ్చి ఆగింది. వేలు గౌనుకి తుడిచేసుకుంది.

"ఇది కృప పని అత్తా. నేను పెట్టను" అంది.

సువార్తమ్మ ఆ పిల్లని బలవంతపెట్టలేదు. ఎర్ర ముద్దని పెరట్లో పారబోసింది. ఆ ఏడు ఇంటింటికీ వెళ్ళిన చిలకలకి కళ్ళు లేవు. తలా బోడిగా ఉంది, తోకా బోడిగా ఉంది. ఎవరూ ఇదేంటని అడగలేదు. పళ్ళేలు వెనక్కొచ్చాయి, చేపలతో, గంటలతో, నక్షత్రాలతో.

పండగ రోజు సువార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కింటి అరుగు మీద రూతు కూర్చుని చిలక బిస్కెట్టు తింటోంది. ముందు తల తింది. తర్వాత రెక్కలు తింది. ఆ తర్వాత మిగిలిన తోకని పైకెత్తింది. దాని మీద ఏమీ లేదు. అయినా దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, సువార్తమ్మ వైపు తిప్పి కాసేపు పట్టుకుంది. అప్పుడు నోట్లో వేసుకుంది.

సువార్తమ్మ గడప మీద కూలబడిపోయింది. పాలగిన్నె పట్టుకున్న రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇశ్రాయేలు వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే, ఈసారి ఆయన చెయ్యి తోసెయ్యలేదు. ఆవిడకి దక్కింది అంతే. ఏడుపు తగ్గిందా అంటే తగ్గలేదు, ఆవిడ బతికున్నన్నాళ్ళూ తగ్గలేదు. ఆ ఇంటి చిలకలకి మళ్ళీ ఎప్పుడూ కన్ను పెట్టలేదు. ఊళ్ళో పిల్లలు మాత్రం తోకని తిప్పకుండా తినలేదు, కృపని ఎరగని పిల్లలు కూడా.

ఏంటి? కృప తిరిగొచ్చిందా అనా? రాలేదమ్మా. వచ్చిందని నీకు చెప్పాలనే ఉంది. కానీ రాలేదు.

ఏదీ, ఆ కుందేల్ని ఇలా తియ్యి. చూశావా, అప్పుడే ఒక చెవి మెత్తబడింది. తినెయ్. పళ్ళు పొద్దున తోముకోవచ్చులే, మీ అమ్మకి నేను చెప్తాను. ఆగాగు, ఆ ఆఖరి ముక్క మింగెయ్యకు. పైకెత్తి ఒకసారి ఇటు తిప్పు. నన్నూ చూసుకోనీ.

ఆఁ, ఇప్పుడు తిను.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి.