గూడబాతు తల వంచింది

గూడబాతు చెరువులో ముక్కు ముంచి లేచినప్పుడు మీరేం చూశారు? చెప్పండి! గొంతు కింది సంచి నిండా నీళ్ళు చూశారా? అంతటితో ముఖం తిప్పుకున్నారా? ఒకానొక రాజ్యంలో రాజు కూడా అంతవరకే చూశాడు.

ఆయన పేరు ప్రచండభూపతి. తల వంచితే కిరీటం పరువు పోతుందని అన్నం ముద్దను కూడా నోటి దగ్గరికే తెప్పించుకునేవాడు. ఆ ఏడు చెరువు అడుగంటుతుంటే, గట్టు మీది తుమ్మచెట్లన్నీ నరికెయ్యమన్నాడు. ఆ కొమ్మల మీద గూడబాతుల గూళ్ళు. గూళ్ళలో రెక్కలు రాని పిల్లలు.

చెట్ల కింద గూడెంలో ఉండే జాలరి తవిటయ్యకు కడుపు మండింది. పిట్టలు వాలిన చోటు చూసి వల వేసి బతికినవాడు. వల భుజానే ఉండగా సభకు పోయాడు.

"దొరా, పిట్టలు చేసిన నేరమేమిటి?"

"పేరులోనే ఉందిరా! తాళ్ళు కట్టిన గూడతో మీరు చేలకు నీళ్ళు తోడరూ? ఇది మూతికే గూడ కట్టుకుంది. నా చెరువంతా తోడేస్తోంది!"

"ఆహా!" అంది సభ.

తవిటయ్య రొంటిలోంచి రేగుపండు తీశాడు. "చిత్తం. ఈ పండు నోట్లో వేసుకుని, పుక్కిట నిండా నీళ్ళు పట్టండి. పండు తమకే దక్కాలి. నీళ్ళు మింగారో, తమరూ చెరువు దొంగే. ఉమ్మడం ఎలాగూ రాచమర్యాద కాదు."

"ఓస్, ఇంతేనా!" అని రాజు బుగ్గలు పూరించాడు.

పైకి చూశాడు. పక్కకు చూశాడు. మాట రాదు, మింగరాదు. కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి మెల్లగా గడ్డం రొమ్ముకు ఆనించాడు. పెదవుల సందున నీళ్ళన్నీ పట్టుపంచె మీదికి జారిపోయాయి. పండు మిగిలింది.

"అదీ దొరా! గూడబాతు కూడా అచ్చం ఇలాగే ముక్కు రొమ్ముకు ఆనించి నీళ్ళు చెరువుకు వదిలేస్తుంది. ఆనకే చేప మింగుతుంది. తమరి విలాసపు కొలనుకు ఆరునెలలుగా నలభై గూడలు తోడుతున్నాయే, అవి ఒక్క చుక్కయినా వెనక్కి ఇచ్చాయా?"

రాజు పండు నమిలాడు. ముందు దగ్గు వచ్చింది, వెనకే నవ్వు. తడిసిన పంచె చూసుకుని మరీ నవ్వాడు.

"గొడ్డళ్ళు వెనక్కి రమ్మనండి! గూడలు ఆపండి! చెట్లున్న గట్టంతా వీడి గూడేనికే రాసివ్వండి!" అని తన ఉత్తరీయం తవిటయ్యకు కప్పాడు.

గూళ్ళలో పిల్లలు గట్టెక్కాయి. ఇంతకీ ఆ రోజు రాజు తల వంచింది చెరువు కోసమా, రేగుపండు కోసమా? మీరేం చూశారు?