నూకాలు మూసిన తలుపు

అనగనగా, మీ తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో గవరయ్య, నూకాలు అనే ఆలుమగలు ఉండేవారు.

ఆ ఊళ్లో తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. దొంగల భయం కాదు నాయనా, గాలి భయం! తలుపు తీస్తే చాలు, కూట్లో ఇసుక పడేది. అందుకని ఎవరింటికి వెళ్లినా తలుపు తోసుకుని, "ఏమే, ఉన్నావా?" అంటూ లోపలికి పోవడమే. తలుపు తట్టడమంటే అక్కడ ఎవరికీ తెలియదు.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. ఉప్పుమళ్లు పోయాయి, గుడిసెలు పోయాయి, అయినవాళ్లంతా పోయారు. గవరయ్య, నూకాలు ఇద్దరే మిగిలి, పడమటి దిక్కుగా నడిచి నడిచి కొండల నడుమ ఒక పల్లె చేరారు. కొండవాళ్లు మంచివాళ్లే. ఖాళీగా ఉన్న ఇల్లొకటి చూపించి, గవరయ్యకు చేలో పని ఇచ్చారు.

ఆ పల్లెలో తలుపులు పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటాయి. ఎవరికైనా దుఃఖం కలిగినప్పుడే తలుపు మూసుకుంటారు. ఇక ఆ తలుపు జోలికి ఎవరూ పోరు. తోయరు, తట్టరు, పిలవరు. అది మహాపాపమని వాళ్ల నమ్మకం. ఈ సంగతి నూకాలుకు ఎవరూ చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ తెలిసినదాన్ని ఒకరికి చెప్పాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

వచ్చిన నాలుగో రోజు నూకాలు నిప్పు కోసం పక్కింటికి వెళ్లింది. ఆ ఇంటి పెద్దావిడ చిలకమ్మ. ఊళ్లో జ్వరాలకు మందు ఇచ్చేది ఆవిడే. ఆ రోజు పోయిన కూతురు గుర్తుకొచ్చి, తలుపు వేసుకుని ఏడుస్తోంది. నూకాలు తన ఊరి అలవాటున తలుపు తోసేసింది.

"సిగ్గూ శరం లేదూ! ఇలాగేనా రావడం?" అని కసిరింది చిలకమ్మ.

చేతిలో పిడకతో నూకాలు అలాగే వెనక్కి వచ్చేసింది. కాస్తంత నిప్పుకే ఇంత మాట అంటారా అని కుమిలిపోయింది.

తర్వాత కొత్త సామల పండుగ వచ్చింది. ఊరి ఆడవాళ్లు ఆకుల్లో కొత్త సామల అన్నం పెట్టుకుని కొత్తవాళ్ల ఇంటికి వచ్చారు. తీరా చూస్తే తలుపు మూసి ఉంది. "అయ్యో, ఏం బాధలో ఉన్నారో" అనుకుని, ఆకులు అరుగు మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు. నూకాలు లోపల పనిలో ఉండి చూసుకోలేదు. ఆమె తలుపు తీసేసరికి కాకులు అన్నమంతా తినేశాయి. అరుగు నిండా చిరిగిన ఆకులే మిగిలాయి.

"చూశావా మామా! ఎంగిలాకులు మన గుమ్మంలో పారేసి పోయారు!"

"ఒక్కసారి అడిగి చూడరాదటే?" అన్నాడు గవరయ్య.

"నేనడగను. నోరు విప్పి అడిగితే ఇంకా చులకనైపోతాం."

అక్కడ ఊళ్లోవాళ్లూ అదే వరస. "ఆ సముద్రపువాళ్లకు మనం గిట్టం కాబోలు. పగలంతా తలుపు మూసుకునే ఉంటారు" అనుకున్నారు. వాళ్లూ అడగలేదు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టింది. గవరయ్యకు కొండజ్వరం వచ్చి ఒళ్లు కాలిపోతోంది. చలిగాలి తగలకూడదని నూకాలు తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు. ఎవరైనా వస్తే తోసుకుని రావాలి కదా!

"ఎవరినైనా పిలవవే" అని మూలిగాడు గవరయ్య.

"మన ఊళ్లో అయితే మనిషి దగ్గినా పదిమంది వచ్చేవారు మామా. వీళ్లకు చెవులు లేవా? చూద్దాం. రాకపోతే రేపు నేనే వెళ్తాను."

మరునాడూ అదే మాట అంది. మూడోనాటికి అతను ఆమె చెయ్యి వదిలితే ఒట్టు. మధ్యాహ్నం వేళ కళ్లు తెరిచి, "నూకాలూ, సముద్రం మోత వినిపిస్తోందే" అన్నాడు. అది వాన మోత. ఆ మాటే ఆఖరు.

నూకాలు గుండె బాదుకుని ఏడ్చింది. ఊరివాళ్లను నాలుగు మాటలు కడిగేయాలని విసురుగా తలుపు తీసింది.

వాకిట్లో ఊరు ఊరంతా కూర్చుని ఉంది. వానలో, ఆకుల గొడుగుల కింద, మాటా పలుకూ లేకుండా. అందరికంటే ముందు చిలకమ్మ, కొంగు కింద నేలవేము కషాయం ముంత దాచుకుని ఉంది. మూడు రోజులూ కాచి తెచ్చింది. మూడు రోజులూ ముంత అక్కడే చల్లారిపోయింది.

"తలుపు తియ్యవేమే తల్లీ! నీ మొగుడి మూలుగు విని మూడు రోజులనుంచీ కాచుకుని ఉన్నాం!" అంది చిలకమ్మ.

"తోసుకుని రాలేదేం అత్తా! గడియైనా పెట్టలేదే!" అంది నూకాలు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు తెలిసింది ఇద్దరికీ. తెలిసి ఏం లాభం?

"పిలుద్దామని నోటిదాకా వచ్చిందే. మర్యాద అడ్డొచ్చింది. నా మర్యాద తగలబడ!" అని చిలకమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"నేను మాత్రం? రోషానికి పోయి మూడు అడుగులు వేయలేకపోయాను" అని నూకాలు ఆవిడను పట్టుకుని ఏడ్చింది.

నూకాలు ఆ పల్లెలోనే ఉండిపోయింది. ఎక్కడికి పోతుంది పాపం? తలుపు తెరిచి ఉంచడం నేర్చుకుంది. కానీ గాలి వీచినప్పుడల్లా చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయేది. కాసేపు అలా పట్టుకుని నిలబడి, మళ్లీ వదిలేసేది. ఆ పల్లెవాళ్లూ ఒకటి నేర్చుకున్నారు. మూసిన తలుపు కనిపిస్తే అరుగు కింద నిలబడి, "ఏమైనా కావాలా?" అని ఒక్కసారైనా పిలిచేవారు.

చాలా ఏళ్లకు, ఎక్కడినుంచో మరో కుటుంబం ఆ పల్లెకు వచ్చింది. వాళ్లు మూటలైనా దించకముందే ముసలి నూకాలు కర్ర ఊతంగా పట్టుకుని వెళ్లింది. ఈ ఊరి తలుపుల సంగతంతా చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. వాళ్ల అరుగు మీద కూర్చుని, "మరి మీ ఊళ్లో తలుపులు ఎలా ఉంటాయమ్మా?" అని అడిగింది.

కాబట్టి పిల్లలూ, కొత్త చోట తెలియనిది అడగడం చిన్నతనం కాదు, కొత్తవాళ్లకు తెలియనిది చెప్పకపోవడం మర్యాదా కాదు.