పాలు పొంగని కొఠారు

ఒకానొక రాజ్యంలో ప్రజలకు తిండికి లోటు లేదు, రాజుకు పొగడ్తకు లోటు లేదు. ఆ రాజు పేరు గజకేతు మహారాజు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఏ విద్య గురించి విన్నా అది తనకు పుట్టుకతోనే వచ్చేసిందనుకునే రకం. నిరుడు సంగీతం మీద పడ్డాడు. ఆస్థాన గాయకులంతా గొంతునొప్పి వంక పెట్టి మూడు నెలలు ఇళ్ళల్లో కూర్చున్నారు. ఈ ఏడు ఆయన చూపు కట్టడాల మీదికి మళ్ళింది.

"మన ధాన్యపు కొఠారులు చూడండి. వెదురు దడులు, మట్టి పూత, తాటాకు కప్పు! మా కీర్తికి తగిన కొఠారు ఒకటి కట్టాలి," అన్నాడు నిండు కొలువులో.

అనడమే తడవు, సోమిదేవభట్టు అనే శిల్పశాస్త్ర పండితుణ్ణి ఏడు దేశాల కొఠారులు పరిశీలించి రమ్మని పంపాడు. భట్టుగారు పల్లకీలో వెళ్ళారు, పల్లకీలో వచ్చారు. వెంట రెండు బళ్ళ నిండా తాళపత్రాలు తెచ్చారు. రాళ్ళలో ఏది మేలు, సున్నంలో ఎంత బెల్లం కలపాలి, గోడ ఎంత మందం ఉండాలి, అన్నీ శ్లోకాలుగా చదివి వినిపించారు.

ఆ కొలువులో విస్సన్న అని ఒకడున్నాడు. రాజ్యంలోని కొఠారులన్నిటికీ అతనే పెద్ద. తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళది అదే పని. మాట నెమ్మది, నవ్వు మాత్రం పెదవి చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అతను లేచి చేతులు కట్టుకుని అడిగాడు.

"భట్టుగారూ, ఏడు దేశాలు చూసొచ్చారు. ఆ కొఠారుల్లో గింజ ఎలా ఉందండీ?"

"నేను చూడబోయింది కట్టడాలను. గింజలను కాదు," అన్నారు భట్టుగారు విసుగ్గా.

"అయితే లోపలికి వెళ్ళలేదా?"

"నాకు దుమ్ము పడదు."

ఎవరూ నవ్వలేదు. మహారాజు మీసం మీద చేయి వేసుకుని ఉన్నప్పుడు ఆ కొలువులో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఏడాది తిరక్కుండానే కొఠారు లేచింది. నల్లరాతి గోడలు, రాతి కప్పు, రాతి నేల. లోపల గచ్చు ఎంత నున్నగా తీశారంటే, మహారాజు అందులో తన మీసం చూసుకుని మురిసిపోయాడు. పన్నెండు గదులు, ఒక్కదానికీ కిటికీ లేదు. తలుపు మూస్తే చీమ దూరదు.

"సంక్రాంతి వెళ్ళేలోగా పాత కొఠారులు పడగొట్టించండి. నలభై ఊళ్ళ విత్తనాలూ ఇందులోకి చేర్చండి," అని ఆజ్ఞ అయింది.

విస్సన్న మనసులో లెక్క వేసుకున్నాడు. తినే గింజ పాడైతే ఒక పూట పస్తుంటారు. విత్తనం పాడైతే నలభై ఊళ్ళలో నాగలి కదలదు. ఒక్కడే ఆ రాతి గదిలోకి వెళ్ళి నిలబడి చూశాడు. పిసరంత గాలి కూడా కదలని చోటు. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా, చెమ్మగా తగిలింది. అతనికి నిజంగానే భయం వేసింది.

మర్నాడు కొలువులో మహారాజు తన ముంజేతి బంగారు కడియం చూపిస్తూ ప్రకటించాడు.

"ఈ కట్టడంలో లోపం చూపించినవాడికి ఈ కడియం ఇస్తాం. లోపం ఉందని నోరు జారి, చూపించలేనివాడు ఆ సాయంత్రానికల్లా రాజ్యం విడిచి పోవాలి."

కొలువంతా నేల చూపులు చూసింది. విస్సన్న లేచాడు.

"లోపం ఉంది ప్రభూ."

"ఏమిటది?"

"నేను చెబితే తమరు నమ్మరు. కట్టడం చేతనే చెప్పిస్తాను. గుడిసె వేసుకున్నా సరే, పాలు పొంగించకుండా మనవాళ్ళు అందులో కాపురం పెట్టరు కదా. దీనికి తమరు గృహప్రవేశం చేయలేదు. తమ చేతి మీదుగా ఒక గదిలో పాలు పొంగితే చాలు, నేను తలవంచుకుని పొలిమేర దాటుతాను."

మహారాజు పకపకా నవ్వాడు. "పాలు పొంగడం కూడా ఒక పరీక్షేనా! భట్టుగారూ, ముహూర్తం పెట్టండి."

పెట్టారు. ఆ పొద్దున మహారాజు, భట్టుగారు, పురోహితుడు, మంత్రులు, అంతా కలిసి పద్నాలుగు మంది ఒక గదిలోకి చేరారు. మూడు రాళ్ళు పెట్టి, పిడకలు పేర్చి, కొత్త కుండలో పాలు పోశారు. నిప్పు అంటించగానే విస్సన్న తలుపు దగ్గరకు వేశాడు.

"తలుపెందుకయ్యా?" అన్నాడు పురోహితుడు.

"రేపు గింజ లోపలున్నప్పుడు తలుపు మూసే ఉంటుంది కదండీ. అది కాపురం ఉండబోయే తీరులోనే మనమూ ఉండాలి."

"మూయనీ. మా కట్టడానికి తలుపు భయమా!" అన్నాడు మహారాజు.

పిడకలు రాజుకోలేదు. పొగ మాత్రం ధారాళంగా వచ్చింది. పైకి పోదామంటే దారి లేదు, పక్కకు పోదామంటే సందు లేదు. ఆ పొగ తిరిగి తిరిగి మళ్ళీ మనుషుల దగ్గరికే వచ్చింది. పట్టుపంచెలు వీపులకు అతుక్కుపోయాయి. కాసేపటికి కప్పు లోపలి నున్నటి గచ్చు మీద సన్నటి ముత్యాల్లా నీటిబొట్లు పేరుకున్నాయి. అందులో ఒకటి జారి సరిగ్గా మహారాజు ముక్కు మీద పడింది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"శుభసూచకం మహాప్రభో! వరుణదేవుడి అనుగ్రహం..." అంటూనే భట్టుగారు దగ్గు అందుకున్నారు.

రెండో బొట్టు భట్టుగారి మెడ వెనక పడింది. మూడోది పురోహితుడి బోడిగుండు మీద. ఉన్న కాస్త నిప్పూ కళ్ళు మూసింది. పాలు గోరువెచ్చగా, పైన మసి తేలుతూ, ఉన్నచోటనే ఉండిపోయాయి. అందరికంటే ముందు రెండు చేతులతో తలుపు తోసుకుని బయటపడింది భట్టుగారే.

బయటికొచ్చి గాలి పీల్చుకున్నాక మహారాజుకు కోపం వచ్చింది.

"పాలు పొంగలేదు! ఇంత అశుభమా! ముహూర్తం పెట్టిందెవరు?"

"ముహూర్తంలో తప్పు లేదు ప్రభూ," అన్నాడు విస్సన్న నెమ్మదిగా. "మనం పద్నాలుగు మందిమి. లోపల ఉన్నది అర ఘడియ. దానికే కప్పు కారింది. గింజకూ ప్రాణం ఉంది. అందుకే మొలకెత్తుతుంది. కొన్ని వేల బస్తాల ప్రాణం ఆరు నెలలు ఇందులో ఊపిరి తీస్తే ఆ చెమ్మంతా ఎక్కడికి పోతుంది? తిరిగి దాని నెత్తినే పడుతుంది."

మహారాజు తడిసిన మీసం తుడుచుకుని, "పాత కొఠారు చూపించు," అన్నాడు. "అక్కడ పాలు పొంగుతాయా?"

"అక్కడ నిప్పు పెట్టనివ్వను ప్రభూ. తాటాకు కప్పు."

మహారాజు పుట్టి బుద్ధెరిగాక కొఠారులోకి అడుగుపెట్టడం అదే మొదలు. నడుమెత్తు రాతికాళ్ళ మీద నిలబడి ఉంది అది. కింద గాలి ఆడుతోంది. ఒక్కో కాలి నెత్తిన వెడల్పాటి రాతిపలక, ఎలుక పైకి పాకలేకుండా. చూరు కింద జానెడు సందు. లోపల వేపాకు వాసన. మహారాజు వడ్లలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పొడిగా, గలగలమంటూ ఉన్నాయి.

"ఇది కట్టినవాళ్ళు ఏం చదివారు?"

"మేదరులు, మట్టిపని ఆడవాళ్ళు ప్రభూ. ఏటా కొఠారు ఖాళీ చేసినప్పుడు ఎక్కడ గింజ నల్లబడిందో చూస్తారు. మరుసటి ఏడు అక్కడ కట్టుబడి మారుస్తారు. వాళ్ళు చదివేది పాడైన గింజల్ని."

"మా రాతి కట్టడం ఇక పనికి రాదా?"

"ఎందుకు రాదు? కిందా పైనా గాలికి దారులు కొట్టించి, నేల మీద చెక్క పలకలు ఎత్తుగా వేయించండి. మొహం చాలా అందంగా ఉంది ప్రభూ, ముక్కు పెట్టడం మరిచారు, అంతే."

మహారాజు పెదవి కదిలింది. అయినా బింకం వదలకుండా, "ఒకవేళ పాలు పొంగి ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగాడు.

"పొలిమేర దాటేవాణ్ణి ప్రభూ. పొంగాయంటే లోపల గాలి ఆడుతున్నట్టే కదా. ఇక విత్తనాలకు భయం లేదని, ఏ సత్రం అరుగు మీదో ఆదమరిచి నిద్రపోయేవాణ్ణి."

మహారాజు నవ్వాడు. కొలువులో నవ్వే నవ్వు కాదది, కొఠారంతా వినపడేలా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గెలిచినా నిద్రపోతావు, ఓడినా నిద్రపోతావు! ఇక్కడ నిద్ర పట్టనిది మా ఒక్కరికేనన్నమాట," అంటూ కడియం తీసి విస్సన్న చేతికి తనే తొడిగాడు. పాత కొఠారులు ఒక్కటీ పడగొట్టొద్దని అక్కడికక్కడే చెప్పాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, దుమ్ముకు భయపడి బయటే నిలబడ్డ భట్టుగారి వైపు తిరిగాడు.

"భట్టుగారూ, ఈసారి మళ్ళీ ఏడు దేశాలు వెళ్ళిరండి. నేనూ వస్తాను. ఇద్దరం నడిచే వెళదాం, లోపలికి కూడా వెళదాం."